1/700 ఓడకు ఒడ్డు నుంచి కనిపించే రంగు

విశాఖ రామకృష్ణా బీచ్‌లో నిలబడి, రేవులోకి పిలుపు కోసం లంగరు వేసుకుని ఎదురుచూసే సరుకు ఓడలను గమనిస్తే, వాటి రంగు ఫలానా అని చెప్పడం కష్టమవుతుంది. దగ్గర్లో కొట్టొచ్చినట్టు కనిపించే ఎరుపూ నలుపూ, అంత దూరాన ఉప్పుగాలి మసకలో వెలిసిపోయి నీలం కలిసిన బూడిద వైపుకు జారిపోతాయి. చిన్న నమూనా ఓడకు రంగు వేయడంలోని కిటుకంతా ఇదే. 1/700 స్కేలు (అసలులో 700వ వంతు) ఓడను మనం 30 సెంటీమీటర్ల దూరం నుంచి చూస్తే, అసలు ఓడను 210 మీటర్ల దూరం నుంచి చూసినట్టు లెక్క. కనుక ఆ ఓడ మీద పనిచేసే నావికుడికి కనిపించే రంగు కాకుండా, ఒడ్డున ఉన్నవాడికి కనిపించే రంగు వేయాలి.

ఉదాహరణకు జపాన్ యుద్ధనౌక యమాటోనే తీసుకుందాం. అసలు ఓడ పొడవు 263 మీటర్లు, 1/700లో అది సుమారు 37.5 సెంటీమీటర్లు. జపాన్ కంపెనీలు కలిసి 1971లో మొదలుపెట్టిన వాటర్‌లైన్ సిరీస్ నమూనా కిట్లతోనే ఈ స్కేలుకు ఇంత ప్రాచుర్యం వచ్చింది. ఆ కిట్లలో ఓడ నీటిమట్టం దగ్గరే తెగి ఉంటుంది కాబట్టి, అడుగు భాగపు ఎరుపు గురించి పెద్దగా ఆలోచించనక్కరలేదు.

కిట్‌లోని భాగాలను అవి అతికి ఉన్న ప్లాస్టిక్ ఫ్రేము నుంచి కత్తిరించక ముందే గిన్నెలు తోమే లిక్విడ్ కలిపిన గోరువెచ్చని నీళ్లలో కడిగి ఆరబెట్టాలి. అచ్చు నుంచి అంటిన జిడ్డు మిగిలితే రంగు పట్టదు. హల్లు (ఓడ మొండెం), డెక్కు, పై కట్టడాలు, ఫిరంగులు వేటికవి విడిగా జోడించి, చిన్నవాటిని టూత్‌పిక్కుల చివర అంటించుకుని, బూడిదరంగు ప్రైమర్‌ను, అంటే రంగు పట్టడానికి ముందుగా వేసే పూతను, పలుచగా కొట్టాలి. మన కోస్తా జిల్లాల వాళ్లకు ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. జూలైలో ఒక ముసురు సాయంత్రం నేను డబ్బా వార్నిష్ కొడితే, తేమ పట్టి ఓడంతా పాలు పోసినట్టు తెల్లబారింది. అప్పటి నుంచి స్ప్రే పనిని ఎండ ఉన్న పూటకే ఉంచుకుంటున్నాను.

యమాటోను కట్టింది కూరే రేవులో. జపాన్ నౌకాదళపు రేవులైన కూరే, ససెబో, మైజురు, యొకొసుకలలో వాడిన బూడిదరంగుల్లో కొద్దిపాటి తేడాలు ఉండేవి కనుక, రంగుల కంపెనీలు కూడా వీటిని వేర్వేరు సీసాల్లో అమ్ముతున్నాయి. కూరే బూడిద బాగా ముదురు. సీసాలో ఉన్నది ఉన్నట్టు వేస్తే, అలమరలో పెట్టిన ఓడ ఒక నల్లటి ముద్దలా కనిపిస్తుంది. నేను అయిదు పాళ్ల రంగుకు ఒక పాలు లేత బూడిద కలుపుతాను. తెలుపు కలిపితే సున్నం కొట్టినట్టు అవుతుంది కాబట్టి ఆ పని చేయను. నలుపును కూడా నేరుగా వాడకూడదు. విశాఖ రామకృష్ణా బీచ్‌లోనే ఒడ్డుకెక్కించి మ్యూజియంగా మార్చిన ఐఎన్ఎస్ కురుసుర జలాంతర్గామికి నల్లరంగే వేశారు, కానీ మిట్టమధ్యాహ్నం రోడ్డుకు ఇవతల నుంచి చూస్తే అది ముదురు బూడిదలాగే ఉంటుంది. యమాటో పొగగొట్టం అంచుకూ, పొగ తగిలే వెనుక స్తంభం పైభాగానికీ నేను వాడేది ఆ ముదురు బూడిదే.

డెక్కు మీద కొంచెం ఎక్కువ సమయం గడపాలి. యమాటో డెక్కుకు పరిచింది హినోకి కలప. ముందు డెక్కంతా లేత గోధుమరంగు వేసి, పూర్తిగా ఆరాక మాస్కింగ్ టేపుతో కప్పి, చుట్టూ బూడిద కొట్టాలి. టేపు దూరని మూలల్లో 00 సైజు కుంచెతో సరిచేసుకోవచ్చు. తరువాత చాలామంది ప్రతి పలక సందులోనూ నల్లగీత నింపుతారు. 20 సెంటీమీటర్ల వెడల్పున్న పలక ఈ స్కేలులో 0.3 మిల్లీమీటర్లు కూడా ఉండదు, ఇక ఆ దూరం నుంచి సందు కనిపించే ప్రశ్నే లేదు. అందుకు బదులు ఎక్కడో ఒక పలకకు మూలరంగు కన్నా రవ్వంత లేతది, ఇంకో పలకకు రవ్వంత బూడిద కలిసినది వేస్తే, కన్ను వాటిని విడివిడిగా పట్టుకోలేకపోయినా అది చెక్క అని మాత్రం నమ్ముతుంది.

రంగులన్నీ ఆరాక ఒక పూత మెరిసే (గ్లాసీ) వార్నిష్ కొట్టి, దాని మీద వాష్, అంటే బాగా పలుచన చేసిన రంగు, నడపాలి. గోధుమ, బూడిద నూనెరంగులను వైట్ స్పిరిట్‌లో మురికినీళ్లంత పలుచగా కలిపి, కుంచె కొనతో మూలల్లో తాకిస్తే అది దానంతటదే సందుల వెంట పాకుతుంది. అడుగున ఉన్నది యాక్రిలిక్ అయితే ఈ ద్రావకం దాన్ని కరిగించదు. అదనంగా నిలిచినదాన్ని పొడి కుంచెతో అద్దేయాలి. ఆ తరువాత లేత బూడిదను కుంచెకు అంటించి, టిష్యూ మీద దాదాపు ఏమీ మిగలనంతగా తుడిచి, అంచుల మీద మెల్లగా రాస్తే ఫిరంగుల ఆకారం తేలుతుంది.

తుప్పు దగ్గరే చేయి అదుపు తప్పుతుంది. నా మొదటి ఓడ చూసిన మిత్రుడొకరు, దీన్ని ఆలంగ్ యార్డుకు విరగ్గొట్టడానికి పంపుతున్నావా అని అడిగారు. హల్లు మీద ఒక మిల్లీమీటరు చార అంటే అసలు ఓడ మీద 70 సెంటీమీటర్ల చార అని గుర్తుంచుకుంటే చాలు. లంగరు గొలుసు బయటకు వచ్చే రంధ్రం కింద, సూదిమొనతో ముదురు గోధుమ నూనెరంగు చుక్క ఒక్కటి పెట్టాలి. పది నిమిషాలు ఆగి, వైట్ స్పిరిట్‌లో ముంచి తుడిచిన చదును కుంచెతో పై నుంచి కిందకు ఒకే ఒక్కసారి లాగాలి. చార కింద కొసకు వచ్చేసరికి మాయమైపోవాలి. మాయం కాకపోతే మళ్లీ లాగాలి తప్ప ఇంకో చుక్క పెట్టకూడదు. ఇలాంటి చారలు రెండు పక్కలా కలిపి నాలుగైదు ఉంటే సరిపోతాయి.

నూనెరంగు ఆరడానికి కనీసం రెండు రోజులు వదిలి, చివరగా మెరుపు లేని మ్యాట్ వార్నిష్ కొట్టాలి. స్తంభాల మధ్య తీగలు కట్టేది దాని తరువాతే. ఫ్రేము ముక్కను కొవ్వొత్తి సెగ మీద మెత్తబరిచి లాగితే వెంట్రుక కన్నా సన్నని దారం వస్తుంది. దానికీ నలుపు వేయకుండా, హల్లుకు వాడిన బూడిదనే వేయాలి.