ఫ్లెక్సీ మీద ఒత్తులు చెదరకుండా

కాలేజీ సాంకేతిక ఉత్సవాల్లో మా ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉండే) సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుకు స్టాల్ పెట్టిన ప్రతిసారీ ఒకటే ఇబ్బంది: ఫ్లెక్సీ మీద తెలుగు ఒత్తులు విడిపోయి ముద్రణ కావడం. భీమవరంలో మేము వెళ్లే దుకాణాల్లో ఇప్పటికీ యూనికోడ్ రాకముందు నాటి పద్ధతిలోని అను ఫాంట్లతోనే పని. మనం పంపిన యూనికోడ్ తెలుగును, అంటే ఇప్పుడు ఫోన్లలో, కంప్యూటర్లలో అందరూ టైపు చేసే తెలుగును, వారి పాత సాఫ్ట్‌వేర్ సరిగా చూపించదు. తప్పు వారిది కాదు, పంపే పద్ధతి మార్చాలి.

ఇంక్‌స్కేప్ అనే ఉచిత బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో 72 అంగుళాల వెడల్పు, 36 అంగుళాల ఎత్తుతో పేజీ తెరవండి. ప్రాజెక్టు పేరు రామభద్ర ఫాంటులో, అది చేసే పని ఒక్క వాక్యంలో మండలి ఫాంటులో రాయండి. రెండూ ఉచితమే. క్యూఆర్ కోడ్ కనీసం 8 అంగుళాలు ఉంటే బల్లకు అవతల నిలబడినవారి ఫోనుకు కూడా హాయిగా అందుతుంది. తర్వాత కంట్రోల్, ‘A’ మీటలు కలిపి నొక్కి అన్నీ ఎంచుకుని, పాత్ మెనూలో ‘ఆబ్జెక్ట్ టు పాత్’ నొక్కండి. అక్షరాలు గీతలుగా మారిపోతాయి, ఇక ఏ ఫాంటూ అక్కర్లేదు. పీడీఎఫ్‌గా దాచి ఇవ్వండి. తేదీ, ఊరి పేరు మాత్రం వేయించకండి. ఏ4 కాగితం మీద విడిగా అంటిస్తే అదే ఫ్లెక్సీ అమలాపురానికీ కాకినాడకూ పనికొస్తుంది.

గీతలుగా మారాక అక్షరదోషం దిద్దడం కుదరదు. అందుకే మార్చకముందు అసలు ఫైలును వేరే పేరుతో దాచి, ఇంకొకరితో ఒకసారి చదివించండి.