వీఎఫ్ఓతో టోన్ జారుతోందా? ముందు ఓఏ2 వెలుగు చూడండి

హీత్‌కిట్ కంపెనీ పాత హామ్ రేడియో ట్రాన్స్‌మిటర్ డీఎక్స్-35కి వీఎఫ్-1 అనే వీఎఫ్ఓ (ఫ్రీక్వెన్సీ మార్చుకోగల ఆసిలేటర్ పెట్టె) తగిలించినవాళ్లు తరచూ అడిగేది ఒక్కటే: క్రిస్టల్‌తో (ఒకే ఫ్రీక్వెన్సీ ఇచ్చే క్వార్ట్జ్ ముక్క) శుభ్రంగా ఉన్న మోర్స్ టోన్, వీఎఫ్ఓ పెట్టగానే కీ నొక్కినప్పుడల్లా కుయ్‌మని జారుతోంది, ఎందుకని?

వీఎఫ్ఓ తీసి, క్రిస్టల్ పెట్టి, డమ్మీ లోడ్‌లోకి (యాంటెన్నా బదులు తగిలించే రెసిస్టర్) ఒకసారి కీ నొక్కండి. టోన్ బాగుంటే తప్పు వీఎఫ్ఓలోనో దానికొచ్చే సప్లైలోనో ఉన్నట్టు. రెండు నిమిషాల పని. ఇది వదిలేసి నేరుగా వీఎఫ్ఓ కాయిల్ కోర్ తిప్పేస్తారు. డయల్ లెక్క చెడిపోతుంది, జారుడు మాత్రం పోదు.

కీ నొక్కిన క్షణంలో జారుడు

అమెరికాలో 1972 దాకా నోవిస్ (ప్రారంభ స్థాయి) లైసెన్సువాళ్లు క్రిస్టల్ మీదే పంపాల్సి వచ్చేది. వీఎఫ్ఓ తర్వాత విడిగా కొనుక్కునే పెట్టె. దానికి సొంత పవర్ సప్లై లేదు, హైటెన్షన్ (వాల్వులకు కావలసిన ఎక్కువ డీసీ వోల్టేజి) ట్రాన్స్‌మిటర్ నుంచే తెచ్చుకుంటుంది. కీ నొక్కితే ట్రాన్స్‌మిటర్ ఫైనల్ (చివరి పవర్) వాల్వ్ కరెంటు లాగుతుంది, ఆ వోల్టేజి కుంగుతుంది. కుంగినా ఆసిలేటర్‌కి 150 వోల్ట్లు నిలబెట్టడానికే ఓఏ2 అనే వాయువు నింపిన రెగ్యులేటర్ వాల్వ్ ఉంది.

మూత తీసి, గదిలో లైటు తగ్గించి, కీ నొక్కి ఓఏ2ని చూడండి. కీ వదిలితే ఊదారంగు వెలుగు, నొక్కితే చీకటి కనిపిస్తోందా? అంటే సరిగ్గా కావలసినప్పుడే రెగ్యులేటర్ ఆరిపోతోంది. కీ వదిలి మీటర్ పెడితే 150 చూపిస్తుంది కాబట్టి చాలామంది ఇక్కడే మోసపోతారు. ఓఏ2 మార్చినా ఫలితం ఉండదు.

అసలు దొంగ దాని ముందున్న, వోల్టేజి తగ్గించే డ్రాపర్ రెసిస్టర్. పాత కార్బన్ రెసిస్టర్ల విలువ ఏళ్లు గడిచేకొద్దీ పెరుగుతుంది. ఉదాహరణకు 250 వోల్ట్ల సప్లైలో 6.8 కిలో ఓమ్‌లు ఉంటే సుమారు 15 మిల్లీ ఆంపియర్లు వస్తాయి. ఆసిలేటర్ 7 తీసుకున్నా ఓఏ2కి 8 మిగులుతాయి. రెసిస్టర్ 10 కిలో ఓమ్‌లకు పెరిగి, సప్లై 220కి కుంగితే వచ్చేది 7 మాత్రమే, అంతా ఆసిలేటర్‌కే సరి. ఓఏ2 వెలగాలంటే కనీసం 5 కావాలి.

సెట్ ఆపి, కెపాసిటర్లు డిశ్చార్జ్ చేసి, రెసిస్టర్ ఒక కాలు విప్పి కొలవండి. సర్క్యూట్‌లో గుర్తించిన విలువకే 5 వాట్ల వైర్‌వౌండ్ వేయండి. పనిలో పనిగా ఓఏ2 కాథోడ్‌కి, చాసిస్‌కి మధ్య 100 ఓమ్‌లు పెట్టేయండి. కీ నొక్కినప్పుడు దాని మీద 0.5 వోల్ట్ కంటే తగ్గకూడదు, వదిలినప్పుడు 3 వోల్ట్లు దాటకూడదు. అంటే 5 నుంచి 30 మిల్లీ ఆంపియర్లు, ఓఏ2 హద్దులు అవే.

ఓఏ2 మీద పెద్ద ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ వేసి ఉంటే పీకేయండి. 0.1 మైక్రోఫారడ్ దాటితే రెగ్యులేటరే ఆసిలేట్ అయ్యి టోన్ గరగరలాడుతుంది.

మన 230 వోల్ట్ల మీద స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్‌తో నడిపేవాళ్లు ఈ కొలతలు సాయంత్రం లైన్ పడిపోయినప్పుడు కూడా తీయాలి.

మిగతావి

వెలుగు నిలకడగా ఉండి, యాంటెన్నా కలిపితేనే జారితే ఆర్ఎఫ్ (రేడియో సిగ్నల్) వెనక్కి వస్తోంది. షీల్డు కేబుల్, పొట్టి గ్రౌండ్ పట్టీ చూడండి. డయల్ తిప్పుతుంటే గెంతితే వేరియబుల్ కెపాసిటర్ కాంటాక్టులు శుభ్రం చేయండి. హమ్ వినిపిస్తే ఆసిలేటర్ వాల్వ్ మార్చి చూడండి. మొదటి అరగంట మెల్లగా జరగడం వేడెక్కడమే, దాని జోలికి వెళ్లొద్దు.