ఎపిడారస్ వెళ్తే థియేటర్ ఒక్కటే చూసి వచ్చేయకండి

గ్రీస్ ట్రిప్‌లో ఎపిడారస్ పెట్టుకున్నవాళ్ళు చాలామంది అక్కడి పాతకాలపు ఆరుబయలు నాటకశాల, అదే థియేటర్, మధ్యలో నిలబడి శబ్దం ఎలా వినపడుతుందో చూద్దామని చప్పట్లు కొట్టి, నాలుగు ఫోటోలు దిగి బస్సెక్కేస్తారు. అసలు సంగతంతా దాని అవతల ఉంది, అదొక పెద్ద ఆసుపత్రి కమ్ గుడి, వైద్యదేవుడు ఆస్క్లెపియస్‌ది. టికెట్ కూడా అన్నిటికీ కలిపే.

ఏథెన్స్ నుంచి కార్లో రెండు గంటలు పడుతుంది, దగ్గర్లోని నాఫ్లియో ఊళ్ళో దిగితే ఇంకా దగ్గర. అక్కడినుంచి బస్సులున్నాయి గానీ తక్కువ, తిరుగు బస్సు టైం ముందే కనుక్కోండి. ఎండాకాలమైతే పొద్దున్నే వెళ్ళండి, టోపీ, నీళ్ళు మర్చిపోవద్దు.

ముందు మ్యూజియం చూడండి, చిన్నదే. ఎవరికి ఏ జబ్బు ఎలా నయమైందో చెక్కిన రాతి పలకలు ఉంటాయి, వాటిని దాటేసి పోకండి. ఒంటికన్ను ఆంబ్రోసియా కథ నాకు భలే ఇష్టం, ఏథెన్స్ నుంచి వచ్చి ఇక్కడి మహిమలన్నీ విని నవ్వుకుందట, కల్లో దేవుడు కనపడి నయం చేస్తాలే గానీ నీ తెలివితక్కువతనానికి గుర్తుగా గుళ్ళో వెండి పంది ఇచ్చుకో అన్నాడట, పొద్దున్నకి కన్ను బాగైపోయిందని రాశారు. ప్రచారం కూడా అంతే గట్టిగా చేసుకున్నారన్నమాట!

ఆ కథలు బుర్రలో పెట్టుకుని శిథిలాల్లోకి వెళ్తే రాళ్ళు రాళ్ళలా కనపడవు. 160 గదుల సత్రం పునాదులు వస్తాయి, దాటి ముందుకెళ్తే గుడి, దాని పక్కనే అబాటన్. మనవాళ్ళు మొక్కుకుని గుళ్ళో నిద్ర చేస్తారు చూడండి, రోగులు ఇక్కడ అలాగే పడుకునేవాళ్ళు, దేవుడు కల్లోకి వస్తాడని. దగ్గర్లోనే థోలోస్ అనే గుండ్రటి కట్టడం, నేల కింద చుట్లు చుట్లుగా గోడలు, దేనికి కట్టారో పండితులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. ఆ పక్కన స్టేడియం, టైం లేకపోతే పైనుంచి చూస్తే చాలు.

థియేటర్ ఆఖర్న పెట్టుకోండి. కింద 34 వరుసలు పాతవి, పైన 21 తర్వాత కలిపినవి, మధ్యలో నడవ దగ్గర తేడా తెలుస్తుంది. మోకాళ్ళు సహకరిస్తే పై వరుసదాకా ఎక్కండి, కింద ఎవరో మామూలుగా మాట్లాడినా వినపడుతుంది. వేసవిలో రాత్రిపూట నిజంగానే నాటకాలు వేస్తారు, చూడాలనుంటే టికెట్‌తో పాటు రాత్రి తిరిగొచ్చే బండి కూడా ముందే మాట్లాడుకోండి.