ఎండాకాలం నల్లమలలో జంతువుల సర్వేకి వెళ్లే ముందు

ఫిబ్రవరి చివరికల్లా నల్లమలలో ఆకు రాలిపోతుంది. వాగులు ఆగిపోయి ఇసుకలో చెలమలు మాత్రం మిగులుతాయి. చెట్ల మధ్య నుంచి దూరం దాకా కనిపిస్తుంది, దుమ్ములో అడుగుజాడ చెరగకుండా ఉంటుంది. జంతువు ఎదురుగా వస్తే తనంతట తానే ఫోటో తీసే కెమెరాలు (కెమెరా ట్రాప్‌లు) పెట్టడానికీ, జాడలు వెతకడానికీ, నీటి గుంటల దగ్గర జంతువులను లెక్కపెట్టడానికీ ఇంతకన్నా మంచి కాలం లేదు. మనిషికైనా జంతువుకైనా ఇంతకన్నా కష్టకాలం కూడా లేదు. వాలంటీరుగానో చదువులో భాగంగానో మొదటిసారి వెళ్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఇందులో కొన్ని జాగ్రత్తలు మీ ప్రాణం కోసం, కొన్ని వాటి ప్రాణం కోసం. రెండోవాటిని తొందరగా మరిచిపోతాం, నేనూ మరిచిపోయాను. అందుకే వాటి గురించి ఎక్కువ చెప్తాను.

ముందు కాగితాల పని. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం దేశంలోకెల్లా పెద్దది. 2014లో రాష్ట్రం విడిపోయాక కృష్ణకు ఉత్తరాన ఉన్న భాగం అమ్రాబాద్ పేరుతో తెలంగాణకి వెళ్లింది. కాబట్టి ఏ ఒడ్డున పని చేస్తారో ఆ రాష్ట్రం అటవీ శాఖ దగ్గరే అనుమతి తీసుకోవాలి. ఒకరిచ్చిన కాగితం ఇంకొకరి దగ్గర చెల్లదు. అనుమతి లేకుండా లోపల తిరిగితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. అనుమతి ఉన్నా, ఆ ప్రాంతం అడవిని చూసే బీట్ ఆఫీసర్‌కి చెప్పకుండా, దారి తెలిసిన మనిషి లేకుండా అడుగు వేయొద్దు. ఏ దారిన వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో బేస్ క్యాంపులో రాసి పెట్టండి. లోపల సిగ్నల్ ఉండదు. మీరు రాలేదని ఎవరికైనా తెలియాలంటే ఆ రాత ఒక్కటే ఆధారం.

ఎండ సంగతి అందరికీ తెలిసిందే అనుకుంటారు, అయినా ప్రతి ఏడూ ఎవరో ఒకరు పడిపోతారు. తెల్లవారుతూనే నడక మొదలుపెట్టి పదిన్నరకల్లా ముగించండి. మనిషికి నాలుగైదు లీటర్ల నీళ్లు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు తప్పనిసరి. పక్కనున్నవాళ్లు పొంతన లేకుండా మాట్లాడుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా వడదెబ్బే. వెంటనే నీడలో పడుకోబెట్టి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా తడిపి విసరండి. స్పృహ సరిగ్గా లేని మనిషికి నీళ్లు తాగించొద్దు, పొరమారుతుంది. సర్వే ఆపేసి ఆసుపత్రికి బయల్దేరండి.

నీళ్ల గురించి నాకు ఒక మధ్యాహ్నం గట్టి పాఠం నేర్పింది. పదకొండు దాటింది, చుట్టుపక్కల నీడ ఉన్నది ఒక్క చెలమ దగ్గరే. అక్కడే కూర్చుని తెచ్చుకున్నది విప్పాం. కాసేపటికి అవతలి ఒడ్డు పొదల్లో చిన్న చప్పుడు. చుక్కల దుప్పులు, ఏడెనిమిది. ముందున్న ఆడది ముంగాలు ఎత్తి నేల మీద కొట్టింది, ఆగింది, మళ్లీ కొట్టింది. దాని వెనక పిల్ల, పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. ఎంత ముచ్చటగా ఉందో అనుకుంటూ ఫోటోలు తీశాం. మాతో ఉన్న చెంచు ట్రాకర్ మాత్రం గబగబా మూటగట్టి లేచాడు. "లేయండి సారూ, అవి నీళ్లకొచ్చినయ్" అన్నాడు. అప్పుడు గానీ మాకు అర్థం కాలేదు. రెండు కిలోమీటర్ల లోపల వాటికి ఇంకో గుక్క లేదు. మా భోజనం అయ్యేదాకా అవి దాహంతో నిలబడ్డాయి.

కాబట్టి చెలమ దగ్గరైనా, అటవీ శాఖ కట్టించిన సాసర్ పిట్ (పళ్లెంలాంటి నీటి తొట్టి) దగ్గరైనా కూర్చోవద్దు, తినొద్దు, చేతులు కడగొద్దు. అక్కడ కెమెరా పెట్టాల్సి వస్తే పది నిమిషాల్లో పని ముగించి తప్పుకోండి. కెమెరా నీటి అంచున కాకుండా నీటికి వచ్చే దారి మీద పెట్టండి. జంతువు తల వంచి తాగే చోట కొత్త వస్తువు కనిపిస్తే రెండు మూడు రోజులు అటు రాకపోవచ్చు. ఈ ఎండలో రెండు రోజులంటే చిన్న మాట కాదు.

ఇక ఎలుగుబంటి. నల్లమలలో అందరూ పులి గురించి అడుగుతారు గానీ, కాలినడకన తిరిగేవాళ్లు భయపడాల్సింది ఎలుగుకి. దానికి చూపూ వినికిడీ అంతంతమాత్రం, ముక్కు మాత్రం గట్టిది. పుట్ట తవ్వి మూతి లోపల పెట్టి చెదలు పీలుస్తుంటే మీరు దగ్గరికి వచ్చేదాకా దానికి తెలియదు. తెలిసిన క్షణం బెదిరి మీద పడుతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపూలు రాలతాయి. వాటి కోసం తెల్లవారుజామున ఎలుగు వస్తుంది, ఏరుకోవడానికి మనుషులూ వస్తారు. ఆ వేళ ఇప్పచెట్ల కిందికి పోవద్దు. తవ్విన పుట్ట కనిపిస్తే వంగి మట్టి చూడండి. అంచుల్లో ఎర్రమట్టి ఇంకా తడిగా, ముద్దగా ఉంటే, తెగిన చెదల గూళ్లలో పురుగులు ఇంకా పరుగెడుతుంటే, ఎలుగు పక్కనే ఉందని లెక్క. వచ్చిన దారినే వెనక్కి వెళ్లండి. రాళ్ల గుట్టలు, గుహల నోళ్లు, దట్టమైన పొదల మలుపులు వచ్చినప్పుడు మాట్లాడుకుంటూ, కర్ర చప్పుడు చేస్తూ నడవండి. చప్పుడు చేస్తే జంతువులు కనిపించవని కొత్తవాళ్లు బాధపడతారు. సర్వేకి కావాల్సింది జాడలే, దర్శనం కాదు. ఎలుగు ఎదురైతే పరుగెత్తొద్దు, చెట్టెక్కొద్దు, అది కూడా ఎక్కుతుంది. మీద పడితే బోర్లా పడుకుని మెడ మీద చేతులు వేసి ముఖం కాపాడుకోండి.

పులి, చిరుత ఎదురైతే వెన్ను చూపకుండా, వంగకుండా, మెల్లగా వెనక్కి నడవండి. పొదలో కూనలు ఒంటరిగా కనిపిస్తే తల్లి వదిలేసిందని అనుకోవద్దు. తల్లి దగ్గర్లోనే ఉంటుంది. ముట్టుకోకుండా, ఫోటో కోసం ఆగకుండా వచ్చేయండి.

కెమెరా ట్రాప్‌ల దగ్గర తప్పులు ఎక్కువగా మొదటి రోజే జరుగుతాయి. పులి ఎడమ పక్క చారలు వేరు, కుడి పక్క చారలు వేరు. రెండు వైపులా ఫోటో పడకపోతే ఒకే పులిని రెండుగా లెక్కపెట్టే ప్రమాదం ఉంది. అందుకే దారికి రెండు వైపులా జతగా, మోకాలి ఎత్తున కడతారు. ఫ్లాష్‌లు ఒకదాని మీద ఒకటి పడకుండా కాస్త ఎడంగా పెట్టాలి. తూర్పుకో పడమరకో ముఖం పెడితే పొద్దున, సాయంత్రం ఫోటోలన్నీ తెల్లగా పోతాయి. ఎదురుగా ఉన్న గడ్డి పరకలు చేత్తో తీసేయండి. ఎండకి కాగిన గడ్డి గాలికి ఊగితే సెన్సర్ దాన్నే జంతువు అనుకుని ఫోటోలు తీస్తూ పోతుంది, కార్డు ఒక్క పూటలో నిండిపోతుంది. ఇంకో సంగతి చాలామందికి తట్టదు. సెన్సర్ పట్టుకునేది ఒంటి వేడికీ వెనకున్న రాళ్ల వేడికీ మధ్య తేడాని. మే మధ్యాహ్నం రాయి కూడా ఒంటి అంత కాగి ఉంటుంది కాబట్టి జంతువు ఎదురుగా నడిచినా కెమెరా మిస్ కావచ్చు. మధ్యాహ్నం ఫోటో లేదంటే జంతువు తిరగలేదని రాసేయకండి.

తేదీ, టైము కళ్లతో చూసి సరి చేయండి, ఒకరు చెప్తే ఇంకొకరు చదవాలి. ఒక సీజన్‌లో మా జట్టు ఒక కెమెరాలో గడియారం పన్నెండు గంటలు తప్పుగా పెట్టింది. రాత్రి తిరిగే దుమ్ములగొండి ఫోటోలు మధ్యాహ్నం రెండింటికి అని పడ్డాయి. నెల రోజుల శ్రమలో ఆ టైములు ఒక్కటీ పనికిరాలేదు. కెమెరా కట్టాక పలక మీద స్థలం నంబర్, తేదీ రాసి ఎదురుగా పట్టుకుని, తర్వాత దాని ముందు నుంచి మీరే నాలుగు కాళ్ల మీద పాకి చూడండి. ఫోటో పడిందని తేలాకే కదలండి.

జాడల పుస్తకంలో తెలియనిది తెలియదనే రాయండి. రేసుకుక్క అడుగు, ఊరకుక్క అడుగు ఒక్కలా ఉంటాయి. చిరుత అడుగా, పులి పిల్ల అడుగా అని పెద్ద ట్రాకర్లే ఆగి చూస్తారు. పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయండి, ఊహ రాయొద్దు. రాజస్థాన్‌లోని సరిస్కాలో 2005 నాటికి ఒక్క పులీ మిగల్లేదు, రికార్డుల్లో మాత్రం అంతకు ముందు దాకా ఉంటూనే ఉన్నాయి. అడుగుల అచ్చులు చూసి లెక్కకట్టే పద్ధతిని వదిలేసి, 2006 నుంచి నాలుగేళ్లకోసారి కెమెరాలతో లెక్కపెట్టడం వెనక ఆ దెబ్బ ఉంది. తప్పు లెక్క ఉన్నచోట జంతువు పోతున్న సంగతి కూడా ఎవరికీ కనపడదు. పులి పెంట సేకరించాల్సి వస్తే గ్లౌజు వేసుకుని కొంచెమే తీసుకోండి. అది దాని హద్దు గుర్తు, మొత్తం ఎత్తుకొస్తే గుర్తు చెరిపినట్టే.

మీరు అడవి నుంచి బయటికొచ్చాక కూడా ఒక జాగ్రత్త ఉంది. నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది అదే. ఏ జంతువు ఎక్కడ కనిపించిందో బయట చెప్పకండి. అలుగునే (పాంగోలిన్) తీసుకోండి. బెదిరితే ముడుచుకుని బంతిలా అవుతుంది. పులి పళ్ల నుంచి కాపాడే ఆ పద్ధతే మనిషి చేతికి దాన్ని సులువుగా అప్పగిస్తుంది, వంగి ఎత్తుకుంటే చాలు. దాని పొలుసులు మన గోళ్లలాంటి పదార్థమే. అయినా మందు పేరుతో అమ్ముతారు, వాటి కోసమే చంపుతారు. అంతర్జాతీయ వ్యాపారం మీద నిషేధానికి 2016లో దేశాలు ఒప్పుకున్నా దొంగచాటు వేట ఆగలేదు. అలుగు బొరియ ఫోటో స్టేటస్‌లో పెట్టడమంటే వేటగాడికి అడ్రస్ ఇవ్వడమే. ఫోన్‌లో ఫోటోలకు లొకేషన్ అతుక్కునే సెట్టింగ్ అడవిలోకి వెళ్లకముందే ఆపేయండి. వాట్సాప్ గ్రూపులో వద్దు, స్నేహితులకీ వద్దు. జీపీఎస్ అంకెలు సర్వే చేయించే అధికారికి తప్ప ఎవరికీ చేరకూడదు. బొరియలోకి కర్ర పెట్టి చూడటం, టార్చి కొట్టడం కూడా మానేయండి.

అడవి అంచు పొలాల దగ్గర ఇంకో ప్రమాదం. పందుల కోసం కరెంటు తీగలు లాగుతారు. పులులూ చిరుతలూ వాటికి తగిలి చస్తాయి, దారిన పోయే మనుషులూ చస్తారు. చీకట్లో పొలం గట్ల మీద నడవొద్దు. నేలకి అడుగెత్తున కర్రల మీద సన్నని తీగ కనిపిస్తే ముట్టుకోవద్దు, తెంచొద్దు, దూరం నుంచి ఫోటో తీసి బీట్ ఆఫీసర్‌కి చెప్పండి. అడవిలోపల బ్రేక్ వైరు ఉచ్చు కనిపించినా ముందు ఫోటో, లొకేషన్, తర్వాత కబురు. కేసుకి అది సాక్ష్యం. చుట్టూ చూడండి, ఉచ్చు ఒక్కటే ఉండదు.

పెంపుడు కుక్కని వెంట తీసుకెళ్లాలనే ఆలోచన అస్సలు వద్దు. 2018లో గిర్ సింహాలను చంపిన డిస్టెంపర్ వైరస్ కుక్కల్లో ఉండేదే. చచ్చిన జంతువుని ముట్టుకోవద్దు, ఆంత్రాక్స్ కావచ్చు. ఏ జంతువు కరిచినా, గీరినా సబ్బుతో పావుగంట కడిగి ఆ రోజే రేబిస్ టీకా వేయించుకోండి. ప్యాంటు అంచులు సాక్సులో దోపండి, సాయంత్రం ఒళ్లంతా పిడుదులు వెతకండి. ఇంటికొచ్చిన రెండు మూడు వారాల్లో జ్వరమొస్తే అడవికి వెళ్లానని డాక్టర్‌కి చెప్పండి.

బీడీ, సిగరెట్, అగ్గిపెట్టె క్యాంపు దాటకూడదు. మంట కనిపిస్తే గుట్ట పైకి పరుగెత్తొద్దు, మంట పైకే వేగంగా పాకుతుంది. అప్పటికే కాలిపోయి చల్లారిన నేల మీదికో, ఎండిన వాగు ఇసుకలోకో చేరండి.

చివరి రోజు కెమెరాలు తీసేటప్పుడు అందరికీ ఇంటి ధ్యాస ఉంటుంది, ఏదో ఒకటి వదిలేస్తారు. లిస్టు పట్టుకుని కెమెరాతో పాటు దాని పట్టీ, బిగించిన తీగ, గుర్తు కోసం కట్టిన రిబ్బన్లు, అయిపోయిన బ్యాటరీలు ఒక్కొక్కటే టిక్ పెట్టండి. చెట్టుకి వదిలేసిన తీగ చుట్ట కొండముచ్చు పిల్ల చేతికి ఉచ్చే. ఒకటి తక్కువ వస్తే మర్నాడు మళ్లీ లోపలికి వెళ్లి తెచ్చాకే బస్సెక్కండి.