బోన్సాయ్ పాఠం 5: వైరు కంటే ముందు జల్లెడ

పోయిన పాఠంలో మొక్కను నర్సరీ కవరులోంచి తీసి, వేళ్లు కత్తిరించి, లోతు తక్కువ కుండీలో పెట్టాం. ఈసారి కొమ్మల్ని కావలసినట్టు వంచడానికి వాటికి వైరు చుడదామని చెప్పాను. చుడదాం, కానీ సగం పాఠం అయ్యాక. మీరు పంపిన ఫొటోలు చూస్తే కుండీ సంగతి తేల్చకుండా కొమ్మల జోలికి వెళ్లకూడదని అర్థమైంది.

ముందుగా, ఆకులు రాలాయని టెన్షన్ పడుతున్నవాళ్లకు. వేళ్లలో మూడో వంతు తీసేశాక ఫైకస్ (మర్రి, రావి జాతి మొక్క) కొన్ని ఆకులు రాల్చడం మామూలే. చింత అయితే ఒక్కోసారి మొత్తం రాల్చేస్తుంది. గోరుతో కాండం మీద చిన్నగా గీకి చూడండి. తొక్క కింద పచ్చగా ఉంటే చెట్టు బతికే ఉంది. నీడలో, వెలుతురు బాగా ఉండే చోట పెట్టి వదిలేయండి. బలం కోసమని ఎరువు మాత్రం వేయకండి. కొత్త వేళ్లు రాకుండా వేస్తే ఉన్న కాసిన్ని కూడా మాడిపోతాయి. నెల రోజులు ఆగండి.

ఆకులు పసుపురంగుకి తిరిగి, కాండం మొదట్లో మెత్తబడి, కుండీ నుంచి పుల్లటి వాసన వస్తుంటే మాత్రం అది వేరే కథ. ఇలా అయిన ఫొటోల్లో దాదాపు అన్నిట్లోనూ ఒకటే కనిపించింది. ఇటుక ముక్కలు వాడమంటే ఇటుక పొడి వాడారు. ముక్కలు వాడినవాళ్లు కూడా జల్లించలేదు. ఇది చిన్న విషయం కాదు, అందుకే వివరంగా చెబుతాను.

కుండీకి నీళ్లు పోశాక కింద చిల్లుల్లోంచి కాసేపు కారి ఆగిపోతాయి. ఎక్కువైన నీరంతా పోయిందనుకుంటాం. పోదు. అడుగున కొంత మందం మేర మట్టి నీటితో నిండే ఉంటుంది. ఆ మందం కుండీ లోతును బట్టి మారదు, రేణువు సైజును బట్టి మారుతుంది. రేణువు సన్నబడేకొద్దీ తడి పొర మందమవుతుంది. పది అంగుళాల లోతు కుండీలో అడుగున రెండంగుళాలు నీళ్లు నిలిచినా, పైన ఎనిమిది అంగుళాల్లో వేళ్లకు గాలి ఆడుతుంది. అదే మట్టిని రెండంగుళాల బోన్సాయ్ కుండీలో పోస్తే? గాలి ఆడే చోటే మిగలదు. ఇంటి ముందు పెద్ద తొట్టిలో ఎర్రమట్టితో ఏపుగా పెరిగిన మొక్క, అదే ఎర్రమట్టితో పళ్లెం లాంటి కుండీలోకి రాగానే కుళ్లిపోయేది ఇందుకే.

నమ్మకం కుదరకపోతే గిన్నెలు తోమే స్పాంజిని నీళ్లలో ముంచి, అరచేతిలో పడుకోబెట్టి పట్టుకోండి. కారడం ఆగాక దాన్ని నిలువుగా తిప్పండి. మళ్లీ నీళ్లు కారతాయి. స్పాంజి అదే, నీళ్లు అవే, మారింది ఎత్తు ఒక్కటే.

అడుగున గులకరాళ్లు పరిచాం కదా అని కొందరు అడిగారు. దానివల్ల లాభం లేదు, పైగా నష్టం. పైనున్న సన్నటి మట్టి పూర్తిగా తడిసి నిండేదాకా నీరు రాళ్లలోకి దిగదు. అంటే తడి పొర రాళ్ల మీదికి జరిగి వేళ్లకు ఇంకా దగ్గరవుతుంది. ఉన్న రెండంగుళాల్లో అర అంగుళం రాళ్లకే పోతుంది. కుండీ నిండా ఒకే సైజు ముక్కలు పోయండి, చాలు.

బాగా కాలిన ఎర్ర ఇటుకనే తీసుకోండి. ముక్కలు కొట్టి కొన్నిటిని రాత్రంతా నీళ్లలో ఉంచండి. పొద్దున వేళ్ల మధ్య నలిపితే బురదయ్యేది పనికిరాదు. సిమెంటుతో చేసే బూడిదరంగు ఇటుకలు వద్దు. ముక్కల్ని మేస్త్రీలు ఇసుక పట్టే జల్లెడలో వేసి పెద్దవి తీసేయండి. కిందికి దిగినవాటిని రెండు మిల్లీమీటర్ల కన్నాలున్న జల్లెడలో మళ్లీ పట్టండి. అందులో ఆగినవే మనకు కావాలి. గోధుమపిండి జల్లెడ కన్నాలు మరీ సన్నం, ఇసుకలాంటి నలుసులు దాంట్లోనే ఉండిపోతాయి. చివర్లో బకెట్ నీళ్లలో కడగండి. నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. కంపోస్టునూ ఇలాగే జల్లించాలి.

ఫైకస్‌కి నేను మూడు పాళ్లు ఇటుక, ఒక పాలు పాత ఆకుల కంపోస్టు కలుపుతాను. ఇది హైదరాబాద్ పొడి గాలికి సరిపోయే లెక్క. విశాఖ, కాకినాడ వైపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి కంపోస్టు సగానికి తగ్గించండి. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) నేను వాడను. అది తడిస్తే ఒక పట్టాన ఆరదు.

ఇప్పటికే పొడి పోసేసినవాళ్లు మొక్కను పీకి మళ్లీ వేళ్లు కొయ్యకండి. కుండీకి ఒక పక్క చెక్కముక్క పెట్టి వాలుగా ఉంచండి. స్పాంజి సూత్రమే: ఎత్తు పెరిగితే నీరు ఒక మూలకు దిగి, రెండో పక్క వేళ్లకు గాలి ఆడుతుంది. వాసన వస్తుంటే మాత్రం ఆగొద్దు. బయటికి తీసి, కుళ్లిన వేళ్లు మాత్రమే తీసేసి, కడిగిన ముక్కల్లో పెట్టండి. మిగతావాళ్లు కుండీ మార్పును రోహిణి కార్తె ఎండల్లో పెట్టుకోవద్దు. మృగశిర దాటి నాలుగు వానలు పడ్డాక చేసుకోండి.

అడీనియం (ఎడారి గులాబీ), జేడ్ (దళసరి ఆకుల మొక్క) పెట్టినవాళ్లకు ఒక మినహాయింపు. వీటి వేళ్లు కోశాక గాయాలు ఎండాలి. కొన్ని రోజులదాకా నీళ్లు పోయకండి.

ఇక వైరు. మొక్కను మొదట్లో పట్టుకుని మెల్లగా కదిపి చూడండి. ఊగుతుంటే ఈ భాగం మీకు ఇంకా కాదు. చిల్లుల్లోంచి తీగ పైకి తీసి వేళ్ల ముద్దను కుండీకి కట్టండి. ఊగిన ప్రతిసారీ కొత్తగా వచ్చే వేళ్లు తెగుతాయి. కదలకుండా నిలబడి, రెండు మూడు కొత్త ఆకులు పూర్తిగా విచ్చుకున్నాకే వైరు పట్టుకోండి.

అల్యూమినియం వైరు కొనండి. మందం కొమ్మ మందంలో మూడో వంతు ఉంటే చాలు. కాండానికి ఒక చుట్టు వేసి పట్టు కుదిరాక కొమ్మ మీదికి వెళ్లాలి. చుట్టు 45 డిగ్రీల వాలులో ఉండాలి. కొమ్మ వంగే చోట బయటి వైపు వైరు ఉండేలా చూసుకుంటే బెరడు చీలదు. రెండు బొటనవేళ్లు వంపు లోపల ఆనించి మెల్లగా వంచండి. ఫైకస్ చిగురు వేసే కాలంలో త్వరగా లావెక్కుతుంది, వైరు నెల తిరక్కుండానే బెరడులోకి దిగిపోవచ్చు. వారానికోసారి చూడండి. తీసేటప్పుడు విప్పకండి, ముక్కలుగా కత్తిరించండి. ఫైకస్ కొమ్మ కోసిన చోట కారే పాలు తడిగుడ్డతో తుడవండి, కంట్లో పడనివ్వకండి.

చింతకు, బోగన్‌విల్లాకు నేను వైరు కంటే కత్తెరనే నమ్ముతాను. బోగన్‌విల్లా ముదురు కొమ్మ వంచితే పుటుక్కున విరుగుతుంది. రెమ్మను ఆరేడు ఆకులదాకా పెరగనిచ్చి రెండాకుల దగ్గర కొయ్యండి. చివరి ఆకు ఏ వైపు ఉంటే కొత్త రెమ్మ ఆ వైపే వెళ్తుంది. దిక్కును మీరే ఎంచుకోవచ్చు. ఆలస్యమైనా ఆ మలుపుల్లో వచ్చే సహజత్వం వైరుతో రాదు.

అభ్యాసం: ఒకే సైజు కుండీలు రెండు తీసుకోండి. ఒకదాంట్లో జల్లించి కడిగిన ఇటుక, రెండోదాంట్లో జల్లించనిది పోయండి. మొక్కలు పెట్టకండి. రోజూ పొద్దున రెండిటికీ ఒకే కొలత నీళ్లు పోసి, కారడం ఆగాక వంటింటి త్రాసు మీద తూచండి, సాయంత్రం మళ్లీ తూచండి. రెండు వారాలపాటు అంకెలు రాసిపెట్టండి. వైరు చుట్టడం నేర్చుకోవాలనుకునేవాళ్లు వేప కొమ్మను నరికి తెచ్చి, బెరడు చిట్లకుండా మూడు వంపులు తిప్పగలిగేదాకా దాని మీదే చుట్టండి. తర్వాతి పాఠానికి మీ అంకెల కాగితం దగ్గర పెట్టుకోండి, ఎవరు రోజుకి ఎన్నిసార్లు నీళ్లు పోయాలో దాన్నిబట్టే లెక్క కడతాం.