ముక్కగా దొరికిన ఆకు శిలాజం ఓక్ చెట్టుదేనా? ఎలా తేల్చుకోవాలి?

అమెరికాలోని ఓరెగన్‌లో ఫాసిల్ అనే చిన్న ఊరుంది. అక్కడి వీలర్ హైస్కూల్ వెనక గుట్టలో దాదాపు 3.3 కోట్ల ఏళ్ల నాటి ఆకులు దొరుకుతాయి. రుసుము కట్టి ఎవరైనా తవ్వుకోవచ్చు. పోర్ట్‌లాండ్ వైపు ఉన్న మనవాళ్లు పిల్లలతో వెళ్లదగ్గ చోటు. అయితే దొరికిన ప్రతి ముక్కకీ ‘ఓక్’ అని పేరు పెట్టేయడం చూస్తుంటే బాధేస్తుంది.

పదిరెట్లు చూపే భూతద్దం, టార్చి, మెత్తటి బ్రష్, పాత న్యూస్‌పేపర్లు చాలు. రాయిని పొరల వెంట మెల్లగా విడదీయండి. రెండు చెక్కలూ దాచండి. ఒకదాంట్లో పోయిన అంచు రెండోదాంట్లో ఉండొచ్చు. నీళ్లతో కడగొద్దు, వార్నిష్ అసలే పూయొద్దు. వార్నిష్ మెరుపు కింద ఈనెలు కనబడకుండా పోతాయి.

ఇప్పుడు అసలు పని. వంకరటింకర అంచున్న ఓక్ ఆకు బొమ్మను ముందు మనసులోంచి తీసేయండి. ఇక్కడి ఓక్ ఆకు (శాస్త్రీయ నామం క్వెర్కస్ కన్సిమిలిస్) సన్నగా పొడుగ్గా ఉంటుంది, అంచుకి రంపానికి ఉన్నట్టు పళ్లుంటాయి.

టార్చిని పక్కనుంచి, రాయికి దాదాపు ఆనించి వెయ్యండి. పైనుంచి వేసిన వెలుతురులో చూసి చెప్పిన పేరును నేను లెక్కలోకి తీసుకోను. నడిమి ఈనె దగ్గర మొదలుపెట్టి ఒక్కో పక్క ఈనె వెంటా అంచుదాకా వెళ్లండి. మామిడాకులో పక్క ఈనె అంచు దగ్గర వంపు తిరిగిపోతుంది. ఈ ఓక్‌లో అలా కాదు, నేరుగా వెళ్లి ఒక పంటిలో ముగుస్తుంది. ఒక ఈనెకి ఒక పన్ను. పెద్ద పళ్ల మధ్య చిన్న పళ్లు కనిపిస్తే అక్కడ ఆగండి. అది ఆల్డర్, ఎల్మ్ లాంటి వేరే చెట్టుది అయ్యుండొచ్చు. ఆ గుట్టలో ఆల్డర్ బాగా దొరుకుతుంది, ఎక్కువమంది పొరబడేదీ దాంతోనే. ఒక్క పంటిని చూసి తేల్చకండి. వరసగా మూడైనా ఒకేలా ఉండాలి.

ఓక్ కుటుంబంలోదే అయిన చెస్ట్‌నట్ చెట్టు ఆకులోనూ ఒక ఈనెకి ఒకే పన్ను. అందుకే చిన్న ముక్కయితే ‘ఓక్ కుటుంబం’ అని రాసి వదిలేయడమే సరైన పద్ధతి. రంగు, ఆకారం చూసి పోల్చేవాళ్లున్నారు. రంగు మట్టిని బట్టి వస్తుంది, విరిగిన ముక్కకి ఆకారం ఎక్కడిది? ఈనెలే నమ్మదగ్గవి.

అంచు పూర్తిగా పోయిన ముక్కకి ఏ పేరూ పెట్టకండి. దొరికిన చోటు, తేదీ పెన్సిల్‌తో చీటీ మీద రాసి, రెండు చెక్కలతో కలిపి పేపర్లో చుట్టండి.