జీఎంపీ అసెంబ్లీ కోడు మార్చబోతున్నారా? ముందుగా ఈ జాగ్రత్తలు

లినక్స్ కోసం రాసిన అసెంబ్లీ (ప్రాసెసర్ ఆదేశాలను నేరుగా రాసే భాష) ఫైలును విండోస్‌కు మార్చాలన్నా, ఎక్స్86-64 (ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్ల) కోడును ఆర్మ్ ప్రాసెసర్ కోసం తిరగరాయాలన్నా ఆ ఫైలు తెరవకముందే పరీక్షలు సిద్ధం చేసుకోండి. కోడు ముందు రాసి పరీక్ష తరవాత రాసేవాళ్లు తమకు గుర్తున్న సందర్భాలనే పరీక్షిస్తారు. గుర్తులేని సందర్భం కోడులోనూ ఉండదు, పరీక్షలోనూ ఉండదు.

జీఎంపీ 1991 నుంచి ఉన్న లైబ్రరీ. ఎంత పెద్ద సంఖ్యలనైనా కూడి, గుణించి, భాగించి పెడుతుంది. సీ వంటి భాషల కోడును యంత్రానికి అర్థమయ్యేలా మార్చే జీసీసీ కంపైలర్‌ను నిర్మించాలంటేనే ఇది కావాలి. ఇందులో ఎంపీఎన్ అనే అడుగు పొరలో వేగం కోసం చాలా భాగం అసెంబ్లీలో రాశారు. అక్కడ ఒక బిట్టు తప్పితే ప్రోగ్రాము ఆగిపోదు, హెచ్చరికా రాదు. తప్పు జవాబు వస్తుంది, దాన్ని పైవాళ్లందరూ నమ్ముతారు. నాకు ఈ పనిలో ఉన్న భయమంతా ఇదే.

భయానికి మూలం క్యారీ. పలక మీద కూడికలు నేర్చుకున్నప్పుడు 9కి 1 కలిపి సున్నా వేసి, ఒకటి చేతిలో ఉంచుకునేవాళ్లం. ఇక్కడ అంకెకు బదులు 64 బిట్ల ముక్క ఉంటుంది. దాన్ని లింబ్ అంటారు. కింది నుంచి వచ్చిన క్యారీ ఒక లింబ్‌ను పూర్తిగా దాటి పైకి పోవాలంటే ఆ స్థానంలో వచ్చిన మొత్తంలో 64 బిట్లూ ఒకట్లే అయి ఉండాలి. మామూలు యాదృచ్ఛిక సంఖ్యల్లో అలా జరిగే అవకాశం 1.84 లక్షల కోట్ల కోట్లలో ఒకటి. సెకనుకు కోటి లింబ్‌లు పరీక్షించే యంత్రానికి అది ఒక్కసారి ఎదురుకావడానికి సగటున 58 వేల సంవత్సరాలు పడుతుంది. అందుకే రాత్రంతా పరీక్షలు నడిచాయి, ఒక్క తప్పూ రాలేదు అని ఎవరైనా చెబితే, ఏ సంఖ్యలతో నడిపారని అడగండి.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. 2017లో ఓపెన్‌ఎస్ఎస్ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీలో సీవీఈ-2017-3736 అనే లోపం బయటపడింది. అది ఎక్స్86-64 కోసం అసెంబ్లీలో రాసిన మాంట్‌గొమరీ పద్ధతిలో సంఖ్యకు వర్గం కట్టే (దాన్ని దానితోనే గుణించే) కోడులోని క్యారీ తప్పు. ఇంటెల్ బ్రాడ్‌వెల్, ఆ తరవాతి ప్రాసెసర్లు, ఏఎండీ రైజెన్ వంటి వాటిలోనే అది కనిపిస్తుంది, ఎందుకంటే కొత్త ఆదేశాలు ఉన్న యంత్రాల కోసం ఆ దారిని విడిగా రాశారు. పాత యంత్రం మీద ఎన్నిసార్లు పరీక్షించినా అది దొరికేది కాదు.

కాబట్టి పరీక్ష సంఖ్యలను మనమే వక్రంగా ఎంచుకోవాలి. జీఎంపీలో ఎంపీఎన్ రాండమ్2 అనే ఫంక్షన్ ఉన్నది ఇందుకే. అది పొడవాటి ఒకట్ల వరసలు, పొడవాటి సున్నాల వరసలు ఉన్న సంఖ్యలను తయారుచేస్తుంది. దీనికి తోడు నేను చేసే పని ఒకటుంది. సున్నా, ఒకటి, పై బిట్టు మాత్రమే ఉన్న లింబ్, అన్నీ ఒకట్లే ఉన్న లింబ్, దానికంటే ఒకటి తక్కువ, ఇలా అయిదు విలువలు తీసుకుని మూడేసి లింబ్‌ల రెండు సంఖ్యలకు సాధ్యమైన కూర్పులన్నీ నడుపుతాను. మొత్తం 15,625 మాత్రమే. రెప్పపాటులో అయిపోతాయి. యాదృచ్ఛిక పరీక్షకు వేల ఏళ్లలోనూ ఎదురుకాని సందర్భాలు వీటిలో వరసగా వస్తాయి.

జవాబు సరైనదో కాదో చెప్పడానికి పాత అసెంబ్లీని ప్రమాణంగా పెట్టుకోకండి. తప్పు అందులోనే ఉంటే కొత్తదానిలోకీ అదే వస్తుంది. టెస్ట్స్ ఫోల్డరులోని రెఫ్ఎంపీఎన్‌లో నిదానంగా నడిచే, సూటిగా చదవగలిగే సీ రూపాలు ఉన్నాయి. వాటితో పోల్చండి. అదే చోట డెవెల్ ఫోల్డరులో ట్రై అనే ప్రోగ్రాము ఉంది. అది మన ఫంక్షన్‌కు ఇచ్చే మెమరీకి అటూ ఇటూ ముట్టుకోకూడని పేజీలు పెట్టి, ఒక్క లింబ్ హద్దు దాటి రాసినా అక్కడికక్కడే పట్టిస్తుంది. ఫలితాన్ని ఇచ్చిన సంఖ్య మీదే రాసే సందర్భాలనూ పరీక్షిస్తుంది. బిట్లను ఎడమకు జరిపే ఫంక్షన్ పై లింబ్ నుంచి కిందికి, కుడికి జరిపేది కింది నుంచి పైకి నడవాలి. మార్చేటప్పుడు లూపు దిశ తిరగబడితే విడివిడి మెమరీతో అన్నీ బాగానే కనిపిస్తాయి, ఒకదానిమీద ఒకటి పడినప్పుడే పాడవుతుంది. పొడవుల విషయంలోనూ జాగ్రత్త పడండి. ఒక్కో చుట్టులో నాలుగేసి లింబ్‌లు చేసేలా విప్పిన లూపుకు 1, 2, 3 మిగిలే సందర్భాలు వేరు వేరు దారులు. 1 నుంచి కనీసం 50 దాకా ప్రతి పొడవునూ నడపండి.

ఇక మార్పిడి. లినక్స్ నుంచి విండోస్‌కు వెళ్లేటప్పుడు గణితం ఒక్క అక్షరం మారకపోయినా కోడు తప్పు కావచ్చు. లినక్స్‌లో ఫంక్షన్‌కు ఇచ్చే మొదటి ఆరు విలువలు ఆర్‌డీఐ, ఆర్‌ఎస్ఐ, ఆర్‌డీఎక్స్, ఆర్‌సీఎక్స్, ఆర్8, ఆర్9 అనే రిజిస్టర్లలో (ప్రాసెసర్ లోపలి చిన్న నిల్వ చోట్లలో) వస్తాయి. విండోస్‌లో నాలుగే వస్తాయి, ఆర్‌సీఎక్స్, ఆర్‌డీఎక్స్, ఆర్8, ఆర్9 వరసలో. అయిదోది స్టాకు (ఫంక్షన్లు తాత్కాలికంగా వాడుకునే మెమరీ) మీద, 32 బైట్ల ఖాళీ చోటు దాటి ఉంటుంది. లినక్స్‌లో స్టాకు చివర కింద 128 బైట్లు స్వేచ్ఛగా వాడుకోవచ్చు, విండోస్‌లో ఆ వెసులుబాటు లేదు. లాంగ్ రకం లినక్స్‌లో 64 బిట్లు, విండోస్‌లో 32. పొడవు లాంగ్‌గా వస్తే రిజిస్టరు పై సగంలో చెత్త ఉండవచ్చు, దాన్ని విస్తరించుకున్నాకే వాడాలి.

అన్నిటికంటే మోసం చేసేవి పిలిచినవారికి పాడుచేయకుండా తిరిగి ఇవ్వవలసిన రిజిస్టర్లు. విండోస్‌లో ఈ జాబితాలో ఆర్‌డీఐ, ఆర్‌ఎస్ఐ, ఎక్స్ఎంఎం6 నుంచి 15 వరకు అదనంగా చేరతాయి. ఒకసారి నేను ఆర్‌ఎస్ఐని దాచడం మరిచాను. పరీక్షలన్నీ నెగ్గాయి, ఎందుకంటే పరీక్ష ప్రోగ్రాములో కంపైలర్ ఆ సమయానికి ఆర్‌ఎస్ఐలో ఏమీ ఉంచలేదు. తరవాత వేరే ప్రోగ్రాములో, అసలు సంబంధం లేని లూపులో లెక్క తప్పింది. రెండు రోజులు తప్పు చోట వెతికాను. జీఎంపీ పరీక్షల్లో ఏఎండీ64కాల్ అనే చిన్న అసెంబ్లీ ఫైలు ఉంది. అది దాచవలసిన రిజిస్టర్లన్నిటిలో గుర్తుపట్టగల విలువలు నింపి, మన ఫంక్షన్‌ను పిలిచి, తిరిగి వచ్చాక అవి అలాగే ఉన్నాయా అని చూస్తుంది. విండోస్ కోసం పనిచేస్తుంటే దాని జాబితాను విండోస్ నియమాలతో సరిచూసుకుని వాడండి.

ప్రాసెసరే మారితే క్యారీ అర్థం కూడా మారుతుంది. ఎక్స్86లో తీసివేత తరవాత క్యారీ 1 అంటే అప్పు తీసుకున్నాం అని. ఆర్మ్‌లో 1 అంటే అప్పు అవసరం లేదు అని. లూపు మొదలుపెట్టే ముందు ఆర్మ్‌లో క్యారీ జెండాను (ప్రాసెసర్ క్యారీని గుర్తుపెట్టుకునే బిట్టును) 1 చేసుకోవాలి, చివరన ఫలితాన్ని తిప్పి ఇవ్వాలి. రిస్క్-5లో క్యారీ జెండాయే లేదు, పోలిక ఆదేశంతో క్యారీని మనమే లెక్కించుకోవాలి. ఎక్స్86లో లూపు లెక్క తగ్గించడానికి డెక్ (ఒకటి తగ్గించే ఆదేశం) వాడితే క్యారీ చెక్కుచెదరదు, అదే పని సబ్‌తో (తీసివేత ఆదేశంతో) చేస్తే పోతుంది. ఆర్మ్64లో మామూలు సబ్ జెండాలను ముట్టుకోదు, మధ్యలో ఒక్క పోలిక ఆదేశం పెడితే మాత్రం అంతా పోతుంది. ఎక్స్18 రిజిస్టరును ఆపిల్ తన వ్యవస్థకోసం కేటాయించుకుంది, దాన్ని వాడకండి. లినక్స్ మీద నిశ్చింతగా నడిచిన కోడు మాక్ మీద అప్పుడప్పుడు మాత్రమే చెడుతుంది. ఆ అప్పుడప్పుడు అనేదే వెతకడానికి కష్టం.

ఇంత చేశాక కూడా మీరు పరీక్షిస్తున్నది మీ ఫైలునేనా అన్నది చూసుకోండి. నిర్మాణానికి ముందు నడిపే కాన్ఫిగర్ అనే స్క్రిప్టు మీ ప్రాసెసర్‌కు దగ్గరైన ఫోల్డరు నుంచి ఫైలు ఎంచుకుని నిర్మాణ ఫోల్డరులో లంకె పెడుతుంది. మీరు మార్చినది సాధారణ ఎక్స్86-64 ఫైలు, యంత్రానికి ప్రత్యేక ఫైలు వేరే ఉంది అనుకుందాం. పరీక్షలు నడిపే మేక్ చెక్ ఆదేశం సంతోషంగా నెగ్గుతుంది, మీ కోడు ఒక్కసారీ నడవకుండానే. నేను ఇప్పుడు ముందు కావాలనే ఒక తప్పు పెట్టి, పరీక్ష ఓడిందని కళ్లారా చూశాకే అసలు పని మొదలుపెడతాను.

చిన్న విషయాలు కొన్ని. ఫైళ్లు ముందు ఎం4 అనే మాక్రో ప్రోగ్రాము (పాఠాన్ని విస్తరించి మార్చేది) గుండా వెళతాయి, వ్యాఖ్యలో జత లేని ఉల్లేఖన చిహ్నం వల్ల కింది కోడు మాయం కావచ్చు. లినక్స్‌లో ఫైలు చివర, స్టాకు మీద ఉన్నదాన్ని కోడుగా నడపకూడదన్న గుర్తు మరిస్తే, మొత్తం ప్రోగ్రాము స్టాకే నడపదగినదిగా మారవచ్చు. అది భద్రతా లోపం. ఎంపీఎన్ సెక్ పేరుతో మొదలయ్యే ఫంక్షన్లు రహస్య తాళాల (ఎన్‌క్రిప్షన్ కీల) కోసం ఉన్నవి, వాటిలో ముసుగు బిట్లతో (మాస్క్‌తో) విలువను ఎంచుకునే చోట శాఖను (షరతును బట్టి వేరే దారికి దూకే ఆదేశాన్ని) పెట్టకండి. జవాబు సరిగానే వస్తుంది, కానీ పట్టిన సమయం చూసి రహస్యం ఊహించవచ్చు.

పరీక్షలు మామూలుగా ప్రతిసారీ ఒకే విత్తనంతో (యాదృచ్ఛిక సంఖ్యల వరసను నిర్ణయించే తొలి సంఖ్యతో) మొదలవుతాయి. జీఎంపీ చెక్ రాండమైజ్ అనే చలరాశికి 1 ఇస్తే కొత్త విత్తనం తీసుకుని, దాన్ని తెర మీద చూపిస్తుంది. తప్పు దొరికిన క్షణాన ఆ సంఖ్యను రాసిపెట్టుకోండి, అది లేకుండా అదే తప్పు మళ్లీ ఎదురుకాకపోవచ్చు. వేగం కొలవడం వీటన్నిటి తరవాతే. విడుదల గడువు ముంచుకొచ్చినా తప్పు దొరకకపోతే ఆ ఒక్క అసెంబ్లీ ఫైలును తీసేసి మళ్లీ కాన్ఫిగర్ చేయండి. దాని చోట సీ రూపం, లేదా మరింత సాధారణ అసెంబ్లీ ఫైలు ఉంటే అది, వచ్చి చేరుతుంది. ఆ ఫంక్షన్ నెమ్మదిస్తుంది, జవాబులు మాత్రం సరిగ్గా వస్తాయి.